గంజి కాదు, ఆవిరి

ఈమధ్య వైద్యం చదువు ముగించుకున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. ప్రభుత్వాసుపత్రుల్లో క్యాజువాలిటీ డ్యూటీలు పడ్డాయట. ముందుగా ఏం నేర్చుకుంటే మంచిది మేడం అని అడిగారు. కుట్లు, కట్లు, సెలైన్లు అన్నీ కొన్నాళ్లకి చేతికి వచ్చేస్తాయి, ముందు రాయడం నేర్చుకోండి అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్లలో ఒకమ్మాయి, రాయడం గుమాస్తా పని కదా మేడం అంది.

ఆ అమ్మాయి మీద కాదు గానీ, ఆ మాట మీద నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే మా పెద్ద డాక్టరుగారు కూడా అనేవారు. ఆ మాట వల్ల ఒక మనిషికి చెయ్యి పోయింది. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

తీసుకొచ్చినవాడి మాట

నేను పనిచేసింది హైవే పక్కన ఉన్న సర్కారు ఆసుపత్రిలో. పలాస దాటినా, టెక్కలి దాటినా ఆ రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్లు చాలామంది మా దగ్గరికే వచ్చేవారు. లారీ గుద్దినవాళ్లు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లు, జీడిపిక్కల ఫ్యాక్టరీల్లో చేతులు కాల్చుకున్నవాళ్లు, గట్టు తగాదాల్లో తలలు పగిలినవాళ్లు. ఉద్దానం ఊళ్లనుంచి ఆటోల్లో, సముద్రపు ఒడ్డునుంచి చేపల బుట్టలు దించేసిన వ్యాన్లలో వచ్చేవారు.

దెబ్బ తగిలిన మనిషి వస్తే డాక్టరు మొదట రాయాల్సింది, దెబ్బ ఎలా తగిలిందని. చూడ్డానికి ఒక్క వాక్యం. కానీ ఎక్కడ వెతకాలో ఆ వాక్యమే చెబుతుంది. ఎత్తునుంచి పడ్డాడంటే వెన్నెముక చూస్తాం, కర్రతో కొట్టారంటే తల చూస్తాం. ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, నష్టపరిహారాలు అన్నీ ఆ వాక్యాన్ని పట్టుకునే నడుస్తాయి.

మా దగ్గర ఆ వాక్యం ఎవరు చెప్పేవారు? తీసుకొచ్చినవాడు. బల్ల మీద మనిషి కళ్లు తెరుచుకునే ఉండేవి, నోరు బాగానే ఉండేది. అయినా డ్యూటీ డాక్టరు తలెత్తి, పక్కన చొక్కా నలగకుండా నిలబడ్డ మనిషినే అడిగేవాడు, ఏమైందండీ అని. పెళ్లాన్ని కొట్టినవాడే పెళ్లాం ఎలా పడిందో చెప్పేవాడు. గుద్దిన లారీ క్లీనరే, ముసలాయన తనంతట తనే అడ్డొచ్చాడని చెప్పేవాడు. మేం రాసుకునేవాళ్లం.

మా ఆసుపత్రిలో అన్నిటికీ పనికొచ్చే కారణం ఒకటుండేది. కొబ్బరిచెట్టు. అన్న తమ్ముణ్ణి గునపంతో కొట్టినా కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడనే రాసేవారు. మా కేస్ షీట్లు నమ్మితే ఉద్దానంలో ఆడవాళ్లు, చివరికి నెలలు నిండిన ఒక ఇల్లాలు కూడా కొబ్బరిచెట్టెక్కి కిందపడ్డారు. ఇది హాస్యానికి రాయడం లేదు. ఆ ఇల్లాలి కడుపు మీద కాలితో తన్నిన మచ్చని నేను చూశాను. మళ్లీ నేను వార్డుకి వెళ్లేసరికి ఆమెను డిశ్చార్జి చేసి, తీసుకొచ్చినవాడి వెంటే పంపించేశారు.

మా పెద్ద డాక్టరుగారు

మా సూపరింటెండెంటు మంచి సర్జను. ఈ మాట రాయకపోతే అన్యాయం అవుతుంది. చినిగిన పేగుని ఆయన కుట్టినట్టు కుట్టగలిగినవాళ్లని నేను విశాఖపట్నంలోనూ ఎక్కువమందిని చూడలేదు. కరెంటు పోతే టార్చిలైటు వెలుతురులో ఆపరేషన్ పూర్తిచేసిన మనిషి. పేదవాళ్ల మీద చిరాకు పడేవారు కాదు. అందుకే ఊళ్లో ఆయనంటే దేవుడు.

కానీ కలం పట్టుకునేసరికి ఆ దేవుడికి చేతులు వణికేవి. ఫ్యాక్టరీ యజమానులు, రైసుమిల్లు వాళ్లు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు ఆయన గదిలో కూర్చుని కాఫీలు తాగేవారు. ఆసుపత్రికి ఫ్యాన్లు ఇచ్చేవారు, మంచాలు ఇచ్చేవారు, గోడల మీద పేర్లు రాయించుకునేవారు. ఆయన స్వయంగా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని నాకు తెలుసు. అదే నాకు మరీ కోపం. తీసుకునేవాడికి కనీసం తను తప్పు చేస్తున్నానని తెలుస్తుంది. ఈయనకి అదీ లేదు. పెద్దమనుషులతో గొడవెందుకని, అంతే.

నేను కొత్తగా చేరినప్పుడు ఓ లారీ కేసులో డ్రైవరు తాగి ఉన్నాడని రాశాను. ఆయన పిలిచి కూర్చోబెట్టి, "అమ్మా, మనం డాక్టర్లం, పోలీసులం కాదు. గాయం చూడు, మందు వెయ్యి. మిగతాది గుమాస్తా పని" అన్నారు. ఎంతో వాత్సల్యంగానే అన్నారు. మా నాన్నగారు టెక్కలిలో హైస్కూలు మాస్టారు. ఆయన వయసే ఉండేది సూపరింటెండెంటుగారికి. ఎదురు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

జీపులో తెచ్చిన మనిషి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం పలాస వైపునుంచి జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ఆడమనిషిని దించారు. పేరు ఢిల్లేశ్వరి. మా జిల్లాలో ఆ పేరు వీధికొకరికి ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఢిల్లమ్మ అంటారు. సోంపేట అవతల సముద్రపు ఒడ్డు ఊరు. మొగుడు ఎర్రయ్య, అక్కడి మగవాళ్లు చాలామందిలాగే, గుజరాత్ వెళ్లి అక్కడి బోట్లమీద వేటకి పోతున్నాడు. ఈమె, ఆడబడుచూ కలిసి పలాసలో ఒక గదిలో ఉంటూ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు.

తీసుకొచ్చింది ఇద్దరు, ఫ్యాక్టరీ సూపర్‌వైజరూ, యజమాని బావమరిదీ. నేను అడక్కుండానే సూపర్‌వైజరు చెప్పేశాడు, ఇంటి దగ్గర అన్నం వారుస్తుంటే గంజి మీద పడిందని. పాపం మా మనిషి కదా అని జీపు వేసుకుని తెచ్చామన్నాడు.

నేను ఆమెను చూశాను. గంజి వార్చేటప్పుడు గిన్నె జారితే కాలేది కాళ్లు, తొడలు, పొట్ట. ఈమెకి కాళ్ల మీద చుక్క కూడా లేదు. కుడిచెయ్యి మోచేతి కిందనుంచి చుట్టూరా కాలింది. చంకలో కాలింది. మెడ పక్కన, రొమ్ముమీద కాలింది. చెయ్యి తలకన్నా పైకెత్తి ఉన్నప్పుడు ఎదురుగా వేడి కొడితే తప్ప చంక కాలదు. చర్మం మీద అక్కడక్కడా నల్లగా జీడి సొన అంటుకుని ఉంది. ముంజేయి మణికట్టుకి పైన కొంచెం వంకరగా ఉంది. ముట్టుకోబోతే ఆమె ఊపిరి బిగబట్టింది.

ఇద్దరినీ బయటికి పొమ్మన్నాను. యజమాని బావమరిది కదల్లేదు. ఆడమనిషికి బట్టలు తీసి చూడాలి, మీరుంటారా అంటే వెళ్లాడు. సిస్టరు వరలక్ష్మి తెర లాగింది. నేను స్టూలు జరుపుకుని ఆమె తల దగ్గర కూర్చున్నాను.

ఏం జరిగిందని అడిగాను. ఆమె తిరిగి నన్నే అడిగింది.

"ఏటి సెప్పమంతావు డాక్టరమ్మా? మా ఆడపడుసు ఇంకా ఆడే పన్జేత్తంది. నాను సెప్తే దాన్ని ఉంచుతారేటి?"

ఉంచుతారని అబద్ధం చెప్పలేదు. నీకు ఎలా దెబ్బ తగిలిందో తెలిస్తేనే నేను సరిగ్గా వైద్యం చేయగలను, ఎక్కడ ఏం విరిగిందో తెలియాలి అన్నాను. అప్పుడు చెప్పింది. పిక్కలు ఉడకబెట్టే బాయిలరు దగ్గర రోజూ ఆవిరి పూర్తిగా పోయాకే తలుపు తీస్తారు. ఆవేళ లోడు పంపాలన్న తొందరలో సూపర్‌వైజరు ముందే తీసెయ్యమన్నాడు. ఆమె బల్ల ఎక్కి, చెయ్యి పైకెత్తి గడియ లాగింది.

"ఆవిరి నా మీదకొచ్చేసినాది. ఎనక్కి పడిపోనాను. సిమెంటు నేలమీద సెయ్యి కింద పడిపోనాది. పట్‌మని ఇరిగినట్టు నాకే ఇనిపించినాది."

ఆమె చెప్పినట్టే రాశాను. మా కేస్ షీట్లు ఇంగ్లీషులో ఉంటాయి. నేను ఇంగ్లీషులో రాసి, దాని కింద ఆమె మాటల్నే తెలుగులో కూడా రాసి, చదివి వినిపించాను. అవునన్నట్టు తల ఊపింది. ఆ కింద నేను రాసింది ఇది: చెయ్యి చుట్టూరా కాలింది, లోపల ఎముక విరిగిన అనుమానం ఉంది, వాపు పెరిగితే చేతికి రక్తం అందదు, వేళ్లు చల్లబడుతున్నాయేమో మాటిమాటికీ చూడాలి, వెంటనే విశాఖపట్నం పంపాలి. మా దగ్గర ఎక్స్‌రే ఆవేళ పనిచేయడం లేదు. అంబులెన్సు సోంపేట వెళ్లింది. అది తిరిగి రాగానే ఈమెను ఎక్కించమని వరలక్ష్మికి చెప్పాను. పోలీసులకి కబురు రాసి పంపాను. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి డాక్టరుకి మంచం దగ్గరికి తీసుకెళ్లి మరీ చూపించాను.

మర్నాడు

మర్నాడు పొద్దున్న నేను వార్డులోకి వెళ్లేసరికి ఢిల్లేశ్వరి అదే మంచం మీద ఉంది.

చెయ్యంతా లావుగా కట్టు కట్టి ఉంది. కట్టు చివర కనిపిస్తున్న వేళ్లు నల్లబడ్డాయి. పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. గిల్లాను. ఆమెకి తెలియలేదు.

మంచానికి వేలాడుతున్న కేస్ షీటు తీశాను. అది నాది కాదు. కొత్త కాగితం, సూపరింటెండెంటుగారి దస్తూరీ. ఇంట్లో అన్నం వారుస్తుండగా గంజి పడి కాలిన గాయాలు. రోజూ కట్టు మార్చాలి. నొప్పికి ఇంజెక్షను. అంతే. కింద పడడం లేదు, ఎముక లేదు, వేళ్లు చూడమన్నది లేదు, విశాఖపట్నం లేదు. ఉండవు మరి. గంజి గిన్నె జారితే ఎముక విరగదు కదా. కథలోంచి ఫ్యాక్టరీని తీసెయ్యాలంటే ఆమె ఎక్కిన బల్లని తీసెయ్యాలి. బల్లని తీసేస్తే పడడమూ పోయింది, విరిగిన ఎముకా పోయింది.

ఏం జరిగిందో వరలక్ష్మి ఏడుస్తూ చెప్పింది. నేను వెళ్లిన కాసేపటికి యజమాని పెద్ద డాక్టరుగారి గదికి వచ్చాడు. తర్వాత పెద్ద డాక్టరుగారే వార్డుకి వచ్చి కేస్ షీటు పట్టుకెళ్లారు. కొత్తది పంపించారు. అంబులెన్సు వస్తే, మామూలు కాలిన గాయానికి అంత దూరం ఎందుకు, మనమే చూసుకుందాం అన్నారు. విశాఖపట్నం వెళితే అక్కడివాళ్లు ఫ్యాక్టరీ ప్రమాదమని రాస్తారని ఆయనకి తెలుసు. పోలీసు వస్తే పేషంటు నిద్రలో ఉందని చెప్పి, కొత్త షీటు చూపించి పంపేశారు. చెయ్యి బిగదీసుకుపోతోంది, వేళ్లు తిమ్మిరెక్కాయి అని ఢిల్లేశ్వరి మూలుగుతూనే ఉందట. అడిగినప్పుడల్లా షీట్లో రాసినట్టు నొప్పి తెలియకుండా ఇంజెక్షను ఇచ్చారు. ఆ డ్యూటీలో ఉన్న డాక్టరు నా దగ్గర చూసినదంతా మర్చిపోయి, పెద్దాయన రాసిందే చూసుకున్నాడు.

నేను కట్టు కత్తిరించి, అక్కడికక్కడే కాలిన చర్మాన్ని నిలువునా కోశాను. వాపు కొంత విడింది గానీ వేళ్లకి రంగు రాలేదు. నా చేత్తో జరిగినదంతా రాసి విశాఖపట్నం పంపాను. ఆ సాయంత్రమే అక్కడివాళ్లు మోచేతి కిందకి చెయ్యి తీసేశారు. ముందురోజే వచ్చి ఉంటే వంకరగానో, గిడసబారిపోయో, ఏదో ఒక చెయ్యి మిగిలేదని అక్కడి డాక్టరు ఫోనులో చెప్పాడు.

సూపరింటెండెంటుగారి గదికి వెళ్లి తలుపు తోసుకుని అడిగాను, నా షీటు ఏదండీ అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"గంజి అయితేనేం, ఆవిరి అయితేనేం అమ్మా. రెండూ కాలడమే కదా."

ఇంత చదువుకున్న మనిషి, అంత గొప్ప చెయ్యి ఉన్న సర్జను అన్న మాట ఇది. ఎముక విరిగి ఉంది సార్, మీరు రాసిన కథలో ఎముక లేదు అన్నాను. కాలినందుకు పోయిన చెయ్యి కాదు అది. రాసినందుకు పోయింది. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఇప్పటికీ అంటాను.

ఆ సాయంత్రం నువ్వు ఉండిపోవలసింది అని తర్వాత నాతో చాలామంది అన్నారు. ఆ మాటన్నా నాకు కోపమే. డాక్టరు రాసిచ్చినది, ఆ డాక్టరు ఇంటికి వెళ్లగానే చెల్లకుండా పోయేటట్టయితే ఇక ఆసుపత్రి ఎందుకు? పక్కన కూర్చుని కాపలా కాయక్కర్లేకుండా ఉండడానికే కదా రాసేది. తప్పు షీటు మార్చినవాడిదైతే రాసినవాళ్లని ఎందుకు ఉండమంటారు?

ఎర్రయ్య వచ్చాక

ఎర్రయ్యకి బోటు ఒడ్డుకి వచ్చాక గానీ కబురు అందలేదు. అక్కడినుంచి రైళ్లు మారి విశాఖపట్నం వచ్చేసరికి ఢిల్లేశ్వరి మంచం మీద కూర్చునే స్థితికి వచ్చింది. తర్వాత అతను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పొట్టి మనిషి, ఎండకి మాడి ఉన్నాడు. అరవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఫ్యాక్టరీవాళ్లు అప్పటికే అతని దగ్గరికి మనిషిని పంపారట. ఇంట్లో జరిగినదానికి కూడా దయతలచి సాయం చేస్తాం, వేలిముద్ర వెయ్యి అన్నారట. ఆడబడుచుని పనిలోంచి తీసేశారు కూడా. ఢిల్లేశ్వరి మొదటిరోజు భయపడింది దానికే, అదే జరిగింది.

"ఆల్ల సాయం నాకొద్దు డాక్టరమ్మా. మా ఆడది ఇంట్లో గంజి ఒంపుకుందనీసి ఊరంతా సెప్తన్నారు. గంజి వార్సడం సేతకాని మనిసంట. దాని సెయ్యి తిన్నారు, మల్లీ తప్పు దాందే అంతన్నారు. ఏటి సేత్తే ఈ మాట పోద్దో సెప్పు."

కార్మిక శాఖకి అర్జీ పెట్టాలని చెప్పాను. టెక్కలిలో నాకు తెలిసిన వకీలు దగ్గరికి పంపాను. నన్ను సాక్షిగా పిలిస్తే వస్తానన్నాను. అది తెలిసిన కొద్దిరోజులకే నన్ను సోంపేట అవతల చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆ సంగతి ఇక్కడ రాయను. బదిలీల గురించి రాసుకునేవాళ్లు వేరే ఉన్నారు. ఒక్క మేలు జరిగింది. ఢిల్లేశ్వరి ఊరు అక్కడికి దగ్గర. కట్టు మార్చడానికి నా దగ్గరికే వచ్చేది. ఎడమచేత్తో జుట్టు ముడి వేసుకోలేక, ఆడబడుచు చేత వేయించుకుని వచ్చేది. మొదట్లో కొంగు తీయనిచ్చేది కాదు. చెయ్యి లేనిచోట చెయ్యి నొప్పి పెడుతోందని చెప్పడానికి సిగ్గుపడింది. అది నిజమేనని, చాలామందికి అలాగే ఉంటుందని చెప్పాక, ఆవేళ మొదటిసారి నా ముందు ఏడ్చింది. తనకి పిచ్చెక్కిందేమో అనుకుందట.

విచారణ

విచారణ సాగింది, సాగింది. వాయిదా ఉన్నప్పుడల్లా మొగుడూ పెళ్లాం తెల్లవారకుండా బస్సెక్కేవారు. మొగుడు గుజరాత్ వెళ్లడం మానేసి ఊళ్లోనే తెప్ప మీద వేటకి పోతున్నాడు.

సూపరింటెండెంటుగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి సాక్ష్యం చెప్పారు. రోజూ ఎంతోమంది వస్తారు, ఈ మనిషి తనకి గుర్తు లేదు, షీట్లో ఏముంటే అదే నిజం అన్నారు. నా షీటు సంగతి అడిగితే అలాంటిది తను చూడలేదన్నారు. ఆయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. నా వైపు చూడకుండా వెళ్లిపోయారు.

నేను చంక గురించి చెప్పాను. మెడ గురించి, జీడి సొన గురించి చెప్పాను. విశాఖపట్నంలో తీసిన ఎక్స్‌రేలో విరిగిన ఎముకని చూపించి, కూర్చుని గంజి వార్చే మనిషికి ఇది ఎలా విరుగుతుందని అడిగాను. ఫ్యాక్టరీ వకీలు నాకూ సూపరింటెండెంటుగారికీ పడదని, అందుకే కక్ష కట్టానని అన్నాడు. ఒకే ఆసుపత్రి రెండు కథలు రాస్తే దేన్ని నమ్మాలని అడిగాడు. తర్వాత ఢిల్లేశ్వరి వైపు తిరిగి, మొదటిరోజు గంజి అని చెప్పి, ఎవరో నేర్పాక ఆవిరి అంటున్నావు కదూ అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఎడమచేత్తో కుర్చీ పట్టుకుంది.

"గంజి అనీసి నానెప్పుడన్నాను బాబూ? ఆల్లన్నారు. నాను ఈ డాక్టరమ్మకి ఉన్నది సెప్పినాను. నా తలకాడ కూకోని రాసినాది. రాసి నాకు సదివినాది. నాకు సదువు రాదు గానీ, సెవులున్నాయి కదా."

విచారణ చేస్తున్న కార్మిక శాఖ అధికారి నిదానస్తుడు. ఆమె మాట అయ్యేదాకా ఎవర్నీ అడ్డు రానివ్వలేదు. చివరికి ప్రమాదం ఫ్యాక్టరీలోనే, పని మీద ఉండగానే జరిగిందని తేల్చి, పరిహారం ఇమ్మన్నాడు. ఇచ్చారు కూడా, అప్పీలు బెదిరింపులన్నీ అయ్యాక.

ఇక్కడితో న్యాయం జరిగిందని మీరు అనుకుంటే నేను చెప్పేది వినలేదన్నమాట. బాయిలరు దగ్గర ఆవిరి పూర్తిగా పోయేదాకా తలుపు తీయరాదని బోర్డు పెట్టారట. చదువురాని ఆడవాళ్ల కోసం బోర్డు. తీయమన్న సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. మా పెద్ద డాక్టరుగారికి రిటైర్మెంటు నాడు శాలువాలు కప్పారు. ఆయన చేతి గొప్పతనం గురించి చాలామంది మాట్లాడారు. నన్నూ పిలిచారు. వెళ్లలేదు.

కారణం అనే గడి

ఇది జరిగి కొన్నేళ్లయ్యాక, వికలాంగుల పింఛనుకి సర్టిఫికెట్లు ఇవ్వడానికి డాక్టర్ల బృందాలు ఊళ్లకి వచ్చేవి. ఢిల్లేశ్వరితో పాటు నేనూ టెక్కలి వెళ్లాను, నా పనిమీద కూడా. గుమాస్తా మా పాత ఆసుపత్రినుంచి తెప్పించిన కాగితాలు తిప్పి, ఫారంలో కారణం అన్న గడిలో రాసేశాడు. వేలిముద్ర వేయమని ఇంకు డబ్బా జరిపాడు. ఏం రాశావు బాబూ అని ఆమె అడిగింది. ఇంట్లో గంజి పడి, అని చదివాడు.

కార్మిక శాఖ తేల్చి చెప్పినా, పరిహారం ఇచ్చినా, ఆసుపత్రి ఫైలులో గంజి గంజిగానే ఉంది. దాన్ని తీసెయ్యమని నేను రాసిన ఉత్తరాలకి ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు అది ఇంకో కాగితం మీదకి ఎక్కుతోంది.

ఢిల్లేశ్వరి బొటనవేలు వెనక్కి తీసుకుంది. బల్ల దగ్గరున్న డాక్టరు వయసులో నాకన్నా పెద్దవాడు. వెనక క్యూ ఉందని విసుక్కున్నాడు. చెయ్యి లేదన్నది నిజమే కదా, కారణం ఏదైతే నీకేంటి అన్నాడు. నేను కలగజేసుకుని విచారణ ఉత్తర్వు చూపించాను. ఆసుపత్రి రికార్డు మార్చే అధికారం తనకి లేదన్నాడు. నోటికొచ్చినట్టల్లా అనేశాను. అక్కడున్న పోలీసు నన్ను పక్కకి రమ్మన్నాడు. నా జన్మలో అదొక్కసారే.

ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"పింఛను ఇయ్యకపోతే మానీండి. గంజి అనీసి రాసిన కాయితం మీద నాను ఏలు పెట్టను."

వట్టి చేతుల్తో వచ్చేశాం. ఇంటికి వెళ్లాక ఎర్రయ్య కోప్పడతాడేమో అనుకున్నాను. మంచి పని చేశావన్నాడట.

తర్వాతి బృందం పలాస వచ్చినప్పుడు మళ్లీ వెళ్లింది. నేనూ వెళ్లాను, మళ్లీ గొడవ పడడానికి సిద్ధపడే వెళ్లాను. ఈసారి బల్ల వెనక ఒక చిన్న డాక్టరమ్మాయి ఉంది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో అయినట్టు లేదు. గుమాస్తా ఫైలు విప్పి చదవబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. ఫైలు పక్కకి జరిపింది. ఢిల్లేశ్వరి పక్కన నేను నిలబడి ఉన్నాను, డాక్టర్నని చెప్పాను కూడా. నా వైపు చూడలేదు. చూడనందుకు ఆ పిల్లని కౌగిలించుకోవాలనిపించింది.

"కూర్చోండమ్మా," అంది ఢిల్లేశ్వరితో. "ఏం జరిగిందో మీరు చెప్పండి."

ఢిల్లేశ్వరి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కొంగు తీసి, తెగిన చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆవేళ లోడు పంపాలన్న తొందర దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మధ్యలో ఆపకుండా, తలెత్తి వింటూ, రాసుకుంటూ పోయింది.